చిటికెడు వేరుపొడి

మా ఇంట్లో ఉప్పుకుండ ముట్టుకునే హక్కు నాన్నకు లేదు. ఇల్లు ఆయనది, సంపాదన ఆయనది, అరుపులు ఆయనవి. ఉప్పుకుండ మాత్రం అమ్మది. ఒకసారి అమ్మ జ్వరంతో పడుకుంటే నాన్న పప్పు వండాడు. చిటికెడు ఉప్పే వేశానన్నాడు. ఆ పప్పులో మూడుసార్లు నీళ్ళు పోసి మరిగించినా మేము నోట పెట్టలేకపోయాం. పక్కింటి అత్త తీసుకెళ్ళి కుడితిలో కలిపితే వాళ్ళ గేదె కూడా మూతి తిప్పుకుంది. ఆ రోజు నుంచి ఉప్పుకుండ అటక మీదకు ఎక్కింది.

తప్పు నాన్నది కాదు, ఆయన వేళ్ళది. మాచర్ల ఊరి బయట నాపరాళ్ళ గనిలో ఆయన మేస్త్రి. పదేళ్ళ వయసులో ఉలి పట్టాడు. ముప్పై ఏళ్ళకు పైగా సమ్మెట దెబ్బలు తిని తిని ఆయన వేళ్ళ కొసలు అట్లకాడలా చదునుగా పరుచుకున్నాయి. బొటనవేలు నా మూడు వేళ్ళంత ఉండేది. ఆ చేత్తో సూది కింద పడితే తీయలేడు. కానీ అదే చేత్తో రాతి పొర మీద ఒక్కసారి తట్టి, చెవి ఒగ్గి విని, ఎక్కడ ఉలి పెడితే పలక విరగకుండా లేస్తుందో చెప్పేవాడు. గనిలో ఆయన అంచనా తప్పిన రోజు లేదు.

కోపం కూడా ఆ చేతుల లాంటిదే. చిన్నదంటూ ఉండదు. కూరలో కారం తగ్గితే కంచం లేచేది. మాది సత్తు కంచం. గోడకు తగిలితే ఆ చప్పుడు వీధి చివరి దాకా వినపడేది. ఆ కంచం అంచున ఎన్ని సొట్టలున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. విసిరేసిన గంటకే మరిచిపోయి, 'ఏమే, తిన్నావా?' అని అమ్మను పలకరించేవాడు. ఆయన మరిచిపోయేవాడు గనుక ఆయనది మంచి మనసని అందరూ అనేవారు. నేనూ అదే అనేదాన్ని. నాకూ ఆయన కోపమే వచ్చింది కాబట్టి ఆయన తరఫునే మాట్లాడేదాన్ని.

అవి యుద్ధం రోజులు. నాకు అప్పుడు పదహారేళ్ళు. ముందు ఏడాదే మా పెదనాన్న పోయాడు. నాన్నకు సొంత అన్న. పోవడానికి రెండేళ్ళ ముందు, చేలో నాగలి పట్టుకుని ఉన్నవాడు ఉన్నట్టుండి పడిపోయాడు. లేపి చూస్తే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, నోరు పక్కకు పోయింది. ఆ రెండేళ్ళూ పంచలో మంచం మీద ఉన్నాడు. జొన్న జావ నేనే పోసేదాన్ని. సగం జావ నోటి మూల నుంచి కారిపోతుంటే ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారేవి. పడిపోవడానికి ముందు ఆయనకు తలపోటు వచ్చింది, ముక్కు నుంచి రక్తం కారింది. ఎండకు కారిందిలే అనుకున్నారు.

అందుకే ఆ వేసవిలో నాన్న గని నుంచి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చినప్పుడు నేను పరిగెత్తి అమ్మను పిలిచాను. తువ్వాలు సగం ఎర్రగా ఉంది. తల వెనక ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు ఉందన్నాడు. ఎండ అన్నాడు. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. ఇద్దరికీ కనపడింది పంచలో మంచమే.

నరసరావుపేటలో ఒక డాక్టరు ఉన్నాడని తెలిసి బస్సెక్కించాం. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుస్తున్న బస్సు అది. మిట్ట వచ్చిన ప్రతిచోటా జనం దిగి తోయాలి. నాన్న డ్రైవరును తిట్టడం మొదలుపెడితే నేను ఆయన మెడ మీద ఉబ్బిన నరాన్ని చూస్తూ కూర్చున్నాను. అది చిట్లిపోతే ఏం చెయ్యాలి, ఈ రోడ్డు మీద ఎవరిని పిలవాలి అని దారి పొడుగునా అదే ఆలోచన. మిరపచేలు, రాళ్ళ దిబ్బలు తప్ప మనిషి కనపడని రోడ్డు.

డాక్టరు నాన్న చేతికి గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, గాజు గొట్టంలో పాదరసం పైకి ఎక్కించాడు. అది దిగేటప్పుడు చూసి మొహం ముడుచుకున్నాడు. మళ్ళీ ఎక్కించాడు. రక్తపు పోటు చాలా ఎక్కువగా ఉందనీ, దాన్ని దించే నికరమైన మందు తన దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదనీ చెప్పాడు. నిద్రకు ఏదో ద్రావకం రాసిచ్చి, ఉప్పు మానాలి, బరువు పనులు మానాలి, ముఖ్యంగా కోపం మానాలి అన్నాడు. ఆ మాటకే నాన్నకు కోపం వచ్చింది.

"ఏంది డాక్టరుగారూ, ఉప్పు మానమంటారు, పని మానమంటారు, కోపం మానమంటారు. ఇంక నేను ఉండేదెందుకు?"

డాక్టరు నవ్వలేదు. మేము లేచేటప్పుడు నన్ను ఆపి, దేశవాళీ వేరు ఒకటి ఉందనీ, దానితో పోటు దిగుతోందని కొందరు డాక్టర్లు అంటున్నారనీ, మీ వైపు హకీములకు తెలిసే ఉంటుందనీ మెల్లగా చెప్పాడు. తనకు దాని మోతాదు తెలియదు కాబట్టి తాను ఇవ్వనన్నాడు. మోతాదు అనే మాట ఆయన రెండుసార్లు అన్నాడు. నేను వేరు అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

మాచర్ల బజారులో ఒక ముసలి హకీం ఉండేవాడు. ఊళ్ళో సాయిబులూ హిందువులూ అందరూ ఆయన దగ్గరకే పోయేవారు. పిల్లలందరికీ ఆయన హకీం తాత. కొట్టు నిండా డబ్బాలు, వేళ్ళాడదీసిన వేర్ల కట్టలు. నల్లమల నుంచి చెంచులు దిగివచ్చినప్పుడు వాటిని ఇచ్చి గుడ్డలు తీసుకుపోయేవారు. ఆయన మా నాన్న చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు నాడి చూశాడు. తర్వాత ఒక కట్టలోంచి వంకర తిరిగిన వేరు తీసి విరిచి నాలిక మీద పెట్టమన్నాడు. నేనూ పెట్టుకున్నాను. అంత చేదు నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను. సర్పగంధి అన్నాడు. పాము కాటుకూ, పిచ్చి పట్టినవాళ్ళకూ తన తాత కాలం నుంచి వాడుతున్నదేననీ, నెత్తురు పొంగేవాళ్ళకు కూడా పని చేస్తుందని తాను చూశాననీ చెప్పాడు. పిచ్చికి మందు అనగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏళ్ళ ముందే ఇక్కడికి తీసుకురావలసింది అని నా చెవిలో అంది. భయంలో కూడా మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

హకీం తాత వేరును దంచి, జల్లించి, పొడిని మట్టి బుడ్డిలో పోసి మూతికి గుడ్డ కట్టాడు. అది మండలానికి సరిపోతుందన్నాడు. నలభై రోజులూ చప్పిడి పథ్యం. పొద్దునా సాయంత్రం మూడు వేళ్ళకు వచ్చినంత పొడి పాలలో వేసుకుని తాగాలి. ఆ పొడి తీసుకోవడంలో ఒక పద్ధతి ఉంది. అది ఆయన ఒక్కడిదే కాదు, మా వైపు నాటు మందులు ఇచ్చే అందరిదీ. మందు ఎవరు తింటారో వాళ్ళే తమ చేత్తో తీసుకోవాలి. ఇంకొకరు తీసి ఇవ్వకూడదు.

"పెద్ద మనిషికి పెద్ద చెయ్యి, చిన్న బిడ్డకు చిన్న చెయ్యి. అల్లా ఇచ్చిన తూకం ఇది మేస్త్రీ, దీన్ని మించిన త్రాసు లేదు" అన్నాడు.

అందరం తల ఊపాం. ఎంత సబబుగా ఉందో ఆ మాట! మా అమ్మమ్మ కూడా ఇదే చెప్పేది.

మర్నాడు పొద్దున తూర్పు వైపు తిరిగి కూర్చుని నాన్న బుడ్డిలోకి మూడు వేళ్ళు పెట్టాడు. మూతి ఇరుకు, చెయ్యి పట్టలేదు. అమ్మ పొడిని వెడల్పు మూతి ఉన్న చిప్పలోకి వంచింది. ఆయన తీసుకుని పాలలో వేశాడు. అమ్మ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. నేను గడప మీద కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. పొడి వైపు చూశానో లేదో కూడా గుర్తులేదు. నాన్న మొహం వైపే చూశాను.

నాలుగో రోజుకు తలపోటు తగ్గింది. ఆరో రోజుకు మెడ మీద నరం కనపడలేదు. రాత్రిళ్ళు దొర్లేవాడు కాస్తా గురక పెట్టి నిద్రపోయాడు. ముక్కు దిబ్బడేసిందని మాత్రం అనేవాడు. చప్పిడి సంకటి ముందు పెడితే ఏమీ అనకుండా తిన్నాడు. మేము కంచం వైపే చూశాం. కంచం నేల మీదే ఉంది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. పక్కింటి అత్త గోడ మీద నుంచి తొంగిచూసి, ఏమ్మా మీ ఇంట్లో ఎవరూ లేరా అని వెక్కిరించింది.

అమ్మ మొహం మారింది. అది నేను ఎప్పుడూ చూడని మొహం. కంచం పెట్టి వెంటనే రెండడుగులు వెనక్కి వేసే అలవాటు ఆమెకు. ఆ వారంలో అది పోయింది. తిరగలి విసురుతూ ఏదో కూనిరాగం తీసింది. మా అమ్మకు పాట వచ్చని నాకు పదహారేళ్ళదాకా తెలియదు.

నాకు భయం పట్టుకున్నది రెండో వారంలో. మొదట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. మా నాన్న కోప్పడటం లేదని భయమేస్తోందంటే ఎవరైనా ఏమంటారు? కానీ ఆయన కోప్పడకపోవడమే కాదు, దేనికీ ఏమీ అనడం లేదు. మజ్జిగ ఉంటే తాగుతాడు, లేకపోతే అడగడు. నేను కావాలనే సంకటి మాడ్చి పెట్టాను. మాడిన ముక్కలు కూడా నమిలి మింగాడు. ఆయన నిద్రపోతుంటే దగ్గరకు వెళ్ళి గుండె మీద చెయ్యి వేసి చూసేదాన్ని. కొట్టుకుంటోంది, కానీ ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎంత ఎడమో! ఆ ఎడంలో నా ప్రాణం పోయి వచ్చేది.

డాక్టరు బరువు పని వద్దన్నాడని గనిలో ఆయన్ని పొరలు చూసి చెప్పడానికి మాత్రం పిలిచేవారు. ఒకరోజు ఆయన తట్టి, ఇక్కడ పెట్టండి అన్నచోట ఉలి పెడితే పెద్ద పలక అడ్డంగా పగిలిపోయింది. అన్నం తీసుకుపోయి నేను అక్కడే ఉన్నాను. కూలీలంతా ఆయన తిట్ల కోసం తలలు వంచుకుని నిలబడ్డారు. ఆయన ఆ రెండు ముక్కల్నీ చూసి, పోతే పోనీలేరా అన్నాడు. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ చెంబు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. చూస్తే ఏడుస్తున్నాడు. ఏంది నాన్నా అంటే, ఏం లేదమ్మా, ఊరికే అన్నాడు. మా నాన్న ఊరికే ఏడ్చే మనిషి కాదు. అన్న పోయిన రోజు కూడా కళ్ళు తుడుచుకుని అందరి మీదా కేకలేసినవాడు.

అమ్మతో చెప్పాను. నాన్నకు ఏదో అయిపోతోందమ్మా, హకీం తాతను అడుగుదాం అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. నాడి నెమ్మదించమనే కదా మందు తెచ్చింది, నెమ్మదించింది, ఇంకేం కావాలి అంది. మీ పెదనాన్న మంచం మరిచిపోయావా అంది. మరిచిపోవడమెట్లా? మందు ఆపితే ఆ మంచం, ఆపకపోతే ఈ కూర్చున్న మనిషి. ఏది ఎక్కువ భయమో నాకే తెలియలేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున చిప్పలో పొడి అడుగంటింది. నలభై రోజులకు ఇచ్చిన పొడి. నాన్న చిప్పను గోకి ఉన్నది పాలలో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ చిప్పను నీళ్ళతో తొలిచి బోర్లించింది. నన్ను బజారుకు వెళ్ళి ఇంకో బుడ్డి తెమ్మంది. నేను గడప దాటుతుండగా వెనక నుంచి పిలిచింది.

"అప్పుడే ఎట్లా అయిపోయిందని అడిగితే, బుడ్డి బోర్లా పడిందని చెప్పు."

ఎందుకట్లా చెప్పాలని అడగలేదు. హకీం తిడతాడని కాబోలు అనుకున్నాను. మా ఇంట్లో తిట్లు తప్పించుకోవడానికి చిన్న అబద్ధాలు ఆడటం అలవాటే.

బజారు దారి పాత గని పక్క నుంచి పోతుంది. ఆ గొయ్యిలో రాయి అయిపోయి చాలా ఏళ్ళైంది. వానలకు నీళ్ళు నిండి, పచ్చగా నాచు పట్టి ఉండేది. పశువులు కూడా ఆ వైపు పోవు. అక్కడ అంచు మీద నాన్న కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ గొయ్యిలోకి వేళ్ళాడుతున్నాయి. నాన్నా అని పిలిచాను. కదల్లేదు. దగ్గరకు పోతే అదిరిపడతాడేమోనని, అరిస్తే జారతాడేమోనని, గొంతు తగ్గించి మళ్ళీ పిలిచాను. మూడోసారి తల తిప్పాడు.

"లోతు ఎంతుంటదో చూస్తన్నానమ్మా" అన్నాడు.

ఆ గొయ్యి తవ్వింది ఆయనే. దాని లోతు ఆయనకు బారల లెక్కన తెలుసు.

ఎట్లా చేరానో తెలియదు, పోయి ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను. లేచాడు. చిన్నపిల్లాడిలా నా వెంట నడిచాడు. ఇంటికి పోదామా బజారుకు పోదామా అని కూడా అడగలేదు. ఆయన్ని ఒక్కణ్ణీ వదలను గాక వదలనని, అట్లాగే బజారు వైపు తీసుకుపోయాను. దారంతా ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. నా గుప్పిట ఆయన మూడు వేళ్ళకే సరిపోయింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఆ మూడు వేళ్ళే చిప్పలోకి పోయేవి. పప్పులో ఉప్పు వేసిన వేళ్ళు కూడా అవే. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. నాన్న కూడా ఆగాడు, ఎందుకని అడగకుండా.

హకీం తాత బుడ్డి చూసి, అప్పుడే అయిపోయిందా అన్నాడు. అమ్మ నేర్పిన మాట నాలిక మీదకు వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

"బోర్లా పడలేదు తాతా. మొత్తం నాన్నే తిన్నాడు" అన్నాను. బోర్లా పడిందా అని ఆయన అడగనే లేదు. అయినా నా నోటి నుంచి అట్లాగే వచ్చింది.

ఒక కాగితం పరిచి శొంఠిపొడి పోయమన్నాను. నాన్నను చిటికెడు తీయమన్నాను. ఆయన తీసి పక్కన పెట్టాడు. హకీం తాత తన మూడు వేళ్ళతో తీసి దాని పక్కన పెట్టాడు. నాన్నది పుట్టలా ఉంది. ముసలాయనది అందులో సగం కూడా లేదు. ఆయన చాలాసేపు ఆ రెండు కుప్పల్నీ చూశాడు. తర్వాత నాన్న చెయ్యి పట్టుకుని, ఈసారి నాడి వైపు కాక వేళ్ళ కొసలు తిప్పి చూశాడు.

"నాడి కోసం ఈ చెయ్యే పట్టుకున్నా బిడ్డా. వేళ్ళు చూళ్ళేదు" అన్నాడు.

తప్పు తనదేనని ఒప్పుకోవడానికి ఆయన వెనకాడలేదు. అంత పేరున్న మనిషి, బజారులో అందరూ వింటుండగా ఒప్పుకున్నాడు. అల్లా ఇచ్చిన చెయ్యి ఇది కాదు, రాయి ఇచ్చిన చెయ్యి అన్నాడు. వారం రోజులు మందు ఆపమన్నాడు. తర్వాత పొద్దున ఒక్కపూటే, అదీ నాన్న చిటికె కాదు, నాది. నా వేళ్ళు పట్టుకుని ఎంత తీయాలో పదిసార్లు తీయించాడు. నాన్న మణికట్టు మీద నాడి ఎక్కడ దొరుకుతుందో చూపించాడు. మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంటే ఆపెయ్యి, తల పగులుతోందంటే నా దగ్గరకు పరిగెత్తు, ఈ రెంటి మధ్యలో ఉంచాలి అన్నాడు. పదహారేళ్ళ పిల్ల చేతిలో ఒక మనిషి ప్రాణం పెట్టి, ఇంటికి పొమ్మన్నాడు. నేను పొడి మూటా నాన్న చెయ్యీ పట్టుకుని వచ్చాను. రెండూ బరువుగానే ఉన్నాయి.

అమ్మకు జరిగిందంతా చెప్పాను, గని అంచు సంగతి కూడా. ఆ సంగతి దగ్గర ఆమె గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం నాన్న కాళ్ళకు ఆముదం రాస్తూ చాలాసేపు ఆయన పక్కనే ఉంది. చిటికెడు పెద్దదైన సంగతి విని మాత్రం ఆమె ఏమీ అనలేదు. అయ్యో అని కూడా అనలేదు. అది నేను అప్పుడు గమనించలేదు.

ఆ వారం మా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. మందు లేని ప్రతి గంటా పెదనాన్న మంచం దగ్గరకు వస్తున్నట్టే ఉండేది. నాన్న మాట కాస్త తడబడినా, గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నా నేను ఉలిక్కిపడేదాన్ని. నాన్నా, చెయ్యి ఎత్తు, నవ్వు, నాలిక చాపు అని పొద్దున్నే పరీక్షలు పెట్టేదాన్ని. ఆయన అన్నీ చేసేవాడు. ఎనిమిదో రోజు నుంచి నా చిటికె మొదలైంది. పొడి పాలలో పడేటప్పుడు ఎక్కువైందేమోనని కొంత, తక్కువైందేమోనని కొంత, రోజూ ఒకే భయం రెండు వైపుల నుంచి.

మెల్లగా ఆయన తిరిగిరావడం మొదలైంది. ఒకరోజు మజ్జిగ అడిగాడు. ఇంకోరోజు, కూలీల పని చూసి రావాలి, చెప్పులేవీ అన్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం, చప్పిడి సంకటి ఒక ముద్ద నోట పెట్టుకుని నమలడం ఆపాడు.

"ఏమే, ఇది కూడా కూడేనా?"

కంచం లేచింది. గోడకు తగిలింది. ఆ చప్పుడు వీధి చివరి దాకా పోయింది.

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. మా నాన్న బతికాడు, మా నాన్న వచ్చాడు అని పక్కింటి అత్తకు చెప్పడానికి పరిగెత్తాను. చెప్పి తిరిగొచ్చేసరికి నాన్న లేడు, అమ్మ గోడ మీది సంకటి గోకి తీస్తోంది. నేను నవ్వుతూ పక్కన కూర్చుని సాయం పట్టాను. అమ్మ నవ్వలేదు.

"మొదటి రోజే చూశా" అంది.

ఏం చూశావన్నాను.

"ఆయన చిటికె. ఉప్పుకుండ అటకెక్కించింది నేను కాదటే? నాకు తెలవదా ఆ చిటికె ఎంతో? చెబుదామనే అనుకున్నా. ఆరో రోజు కంచం విసరకుండా లేచిపోయాడు చూడు, ఆ రోజు చెప్పలేకపోయా. రేపు చెబుతాలే, రేపు చెబుతాలే అనుకున్నా. మనిషి గని అంచుకు పోతాడని నాకేం తెలుసే?"

నాకు కోపం వచ్చింది. నాన్నకు వచ్చేలాంటి కోపం. నువ్వు ఆయన్ని చంపేసేదానివి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెనక్కి తీసుకోగలిగితే బాగుండుననుకుంటాను. అమ్మ చేతిలోని సంకటి ముద్దను కంచంలో పెట్టింది. కంచం అంచున కొత్త సొట్టను వేలితో తడిమింది.

"నీకు మీ నాన్న తిరిగొచ్చాడు. నాకు ఆయన తిరిగొచ్చాడు" అంది. అని, గోడ కడగడానికి నీళ్ళు తేవడానికి లేచి వెళ్ళింది.

నేను ఆమెతో మూడు రోజులు మాట్లాడలేదు. పెద్ద న్యాయాధికారిణిని కదా, తీర్పు చెప్పేసి కూర్చున్నాను. ఆ మూడు రోజులూ పొద్దున్నే నేను చిటికెడు తీసేటప్పుడు ఆమె పాలగ్లాసు పట్టుకుని నిలబడేది. నా వేళ్ళ వైపు చూసేది కాదు, బయటికి చూసేది.

నరసరావుపేట డాక్టరు మళ్ళీ పట్టీ చుట్టి చూసి, పాదరసం బాగా దిగిందన్నాడు. వేరు దించిందో చప్పిడి కూడు దించిందో తాను చెప్పలేనన్నాడు. ఏం తింటున్నారో అదే తినండి, మోతాదు మాత్రం దాటనివ్వకండి అన్నాడు. మండలం అయిపోయినా హకీం తాత పొడి ఇస్తూనే ఉన్నాడు. నాన్న గనికి పోతున్నాడు, పొరలు తట్టి వింటున్నాడు. ఆయన చూపించినచోట ఉలి పెడితే పలక మళ్ళీ నిలువునా లేస్తోంది. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మంచాన పడకుండా, తన కాళ్ళ మీద తాను నడుస్తూనే బతికాడు. ఆ మేలు నాదేనని చుట్టాలంతా నన్ను మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా నేను లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని.

ఎందుకంటే ఆ ఏడాది చలికాలంలో ఒకరోజు కంచం గోడ దాకా పోలేదు. మధ్యలో అమ్మ ఉంది. కనుబొమ్మ మీద తెగింది. నాన్న గాబరాపడి తన తువ్వాలే చించి కట్టు కట్టాడు, వేడినీళ్ళు కాచాడు, గంటకు మామూలైపోయాడు. ఏమే, తిన్నావా అన్నాడు. అమ్మ తిన్నానంది. ఆమె తినలేదు, నాకు తెలుసు.

మర్నాడు పొద్దున నాన్న ఎప్పటిలా తూర్పు వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూశాను. సరిగానే ఉంది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. గని అంచు గుర్తొచ్చింది. పచ్చటి నాచు, వేళ్ళాడే కాళ్ళు గుర్తొచ్చాయి. అమ్మ పాలగ్లాసు పట్టుకుని పక్కన నిలబడి ఉంది, నుదుటి మీద కట్టుతో. ఆ రోజు మాత్రం బయటికి చూడటం లేదు.

నేను చిప్పలోకి మూడు వేళ్ళు పెట్టాను. అవి ఎప్పటికంటే వెడల్పుగా తెరుచుకున్నాయి. పొడి పాలలో పడింది. అమ్మ చూసింది. ఏమీ అనకుండా గ్లాసు ఆయన చేతికి ఇచ్చింది.